ఉత్తరం వైపు గోడ

నాకు నోరెక్కువ. మా అమ్మ నుంచి మా పెద్ద డాక్టరు దాకా అందరూ అన్న మాటే ఇది. నేను వార్డులోకి వస్తున్నానంటే మంచాల మీద కూర్చున్న బంధువులు వాళ్ళంతట వాళ్ళే లేచి నిలబడేవాళ్ళు. నా వెనక నన్ను కారంపొడి అంటారని కూడా తెలుసు. నర్సుగా గద్వాలలో చేశాను, వనపర్తిలో చేశాను, నాగర్‌కర్నూల్‌లో చేశాను. ఇప్పుడు రాస్తున్నది వీటిలో ఏ ఊరి దవాఖాన సంగతో మాత్రం చెప్పను. అక్కడ ఈరోజు డ్యూటీలో ఉన్న అమ్మాయిలకు నా వల్ల తలనొప్పి ఎందుకు?

మా పాత దవాఖాన చూస్తే ఎవరికైనా జాలేసేది. వాన వస్తే మూడు చోట్ల బకెట్లు పెట్టేవాళ్ళం. అయితే ఆ ప్రసూతి వార్డు ఒకటే పొడుగు హాలు. నా బల్ల దాని నడిమధ్యన ఉండేది. కుర్చీలోంచి లేవకుండానే అందరి ముఖాలూ కనబడేవి. ఎవరికి నొప్పిగా ఉందో, ఎవరు గోడ వైపు తిరిగి ఏడుస్తున్నారో, ఏ అత్తగారు కోడలికి దొంగతనంగా బజ్జీలు తినిపిస్తోందో అన్నీ కూర్చున్న చోటు నుంచే తెలిసిపోయేవి. అక్కడి నుంచే అరిచేదాన్ని. అదే వైద్యం అనుకోలేదు గాని, అందులో సగం వైద్యం ఉందని తర్వాత తెలిసింది.

తర్వాత కొత్త బిల్డింగు వచ్చింది. అద్దంలా మెరిసే టైల్సు, లిఫ్టు, మంచం మంచానికీ గోడలోంచి వచ్చే ఆక్సిజన్. మొదటి రోజు మేమంతా పెళ్ళివారిలా తిరిగి చూశాం. వారం తిరక్కముందే కాళ్ళు పీకడం మొదలైంది. ప్రసూతి వార్డు మలుపు తిరిగి ఉండేది. పొడుగు వైపు ఆరు మంచాలు, మలుపు తిరిగాక రెండు మంచాలు. నర్సుల గది పొడుగు వైపు మొదట్లో పెట్టారు. ఆ మలుపు అవతలి రెండు మంచాలు అక్కడి నుంచి కనబడవు, మాట కూడా వినబడదు. మందుల గది వార్డు బయట, వరండా ఆ కొసన. సిబ్బంది కోసం కట్టిన బాత్రూంలో పాత రికార్డుల బస్తాలు వేసి తాళం పెట్టారు. మేము కిందికి, మొదటి అంతస్తు దాటి ఓపీ వెనక్కి పోవాలి. పోయి రావడానికి పావుగంట పట్టేది. అందుకని డ్యూటీ ఎక్కితే నీళ్ళు తాగడం మానేశాం. మూత్రంలో మంట లేని నర్సు మా దగ్గర ఒక్కతీ లేదు. ఈ మాట ఏ పిటిషన్‌లో రాస్తాం? సిగ్గుతో నోరు మూసుకున్నాం, నాతో సహా.

వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఆ వార్డులో మంచాల తలాపులన్నీ ఉత్తరం వైపు గోడకు పెట్టారు. ఆక్సిజన్ గొట్టం, లైటు, మమ్మల్ని పిలిచే గంట స్విచ్చు, అన్నీ ఆ గోడకే బిగించారు. ఎక్కడ కూర్చుని గీశారో ఆ ప్లాను, మన దిక్కు మనుషుల్ని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. ఉత్తరానికి తల పెట్టి ఈ జిల్లాల్లో ఎవరు పడుకుంటారు? ఇంట్లో పసిపిల్ల నిద్రలో దొర్లి అటు తిరిగినా తల్లి లేచి సరిచేస్తుంది. అట్లాంటిది ఆపరేషనై, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉన్న మనిషిని పడుకోబెడతారా?

ఎవరూ పడుకోబెట్టలేదు. కూతురి వెంట వచ్చిన ప్రతి తల్లీ మొదట కిటికీలోంచి ఎండ ఎటు ఉందో చూసేది. తర్వాత దిండు తీసి అటు పెట్టి బిడ్డను ఇటు తిప్పేది. కాళ్ళు గోడకు, తల నడిచే దారికి. గంట కాళ్ళ దగ్గరికి పోయేది. ఆక్సిజన్ పెట్టాలంటే రెండు గొట్టాలు అతికించి కాళ్ళ మీదుగా ముక్కు దాకా లాగేవాళ్ళం. మొదట రెండు వారాలు గొంతు చించుకుని అరిచాను. "దవాఖానల దిక్కులేందమ్మా, సూది ఏ దిక్కుకు పొడిస్తే ఏంది?" అని. నేను ఇటు తిప్పి పోగానే వాళ్ళు అటు తిప్పేవాళ్ళు. మంచమే తిప్పుదామంటే దారి సరిపోదు, ట్రాలీ పట్టదు. మా పెద్ద డాక్టరు గంటలు మార్చమని పైకి రెండుసార్లు రాశారు. జవాబు రాలేదు.

చివరికి నేనే ఓడిపోయాను. ఒకరోజు జ్వరంతో కళ్ళు తిరిగితే ఖాళీ మంచం మీద గంటసేపు సెలైన్ పెట్టుకున్నాను. లేచి చూసుకుంటే నా కాళ్ళు గోడకు ఉన్నాయి. ఎప్పుడు తిరిగి పడుకున్నానో నాకే తెలియదు. మా ఆయమ్మ ఒకటే నవ్వు. "మాకైతే బాగ చెప్తవు సిస్టరూ," అంది. ఆ రోజు నుంచి ఎవరినీ ఏమీ అనలేదు. పక్కన ఉండే మనిషికి స్విచ్చు చూపించి, ఏమన్నా అయితే మీరు నొక్కండి అని చెప్పి ఊరుకునేదాన్ని.

నేను చెప్పబోయే తల్లీకూతుళ్ళు అట్లాంటి రోజుల్లో వచ్చారు. సొంత ఊరు బల్మూర్ అవతల. పత్తి పనికని వచ్చి ఈ వైపు ఉంటున్నారు. అల్లుడు మేస్త్రీ పనికి పూణే దిక్కు పోయాడు. తల్లికి నలభై అయిదు దాటవు గాని అరవై ఏళ్ళ మనిషిలా ఎండిపోయి ఉంది. కూతురికి ఇరవై రెండు. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల పుట్టింది. ముందు వైపు మంచాలన్నీ నిండి ఉంటే మలుపు తిరిగాక ఉన్న రెండు మంచాల్లో చివరిది ఇచ్చాం. దాని పక్కది ఖాళీ.

ట్రాలీ మీంచి మంచం మీదికి మార్చేటప్పుడు ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, జర ఆగు. అది ఉత్తరం గోడ."

"ఎండ చూడకుండనే చెప్తున్నవా?" అన్నాను.

"ఈ బంగ్ల కట్టేటప్పుడు ఇసుక మోసిన నేను. అప్పుడే మేస్త్రీని అడిగిన, గీడ తలకాయలు పెడ్తరా ఏంది అని. మనకెందుకే, కాయితంల గట్లనే ఉన్నది అన్నడు."

నాకు నవ్వొచ్చింది. ఇసుక మోసిన మనిషికి తెలిసింది, ప్లాను గీసిన వాళ్ళకు తెలియలేదు. "సరే పట్టు," అని కూతురి భుజాల కింద చేతులు పెట్టింది నేనే. తల్లి కాళ్ళు పట్టుకుంది. ఇద్దరం కలిసి ఆ పిల్లను దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టాం. ఆ పిల్ల నొప్పిలో కూడా, "ఇప్పుడు మా అమ్మకు నిద్ర పడ్తది సిస్టర్," అంది. మాట మెత్తన. మర్నాడు పొద్దున మందు ఇవ్వడానికి పోతే, "మీరు తిన్నరా?" అని అడిగింది. వార్డులో నన్ను ఆ మాట అడిగిన పేషెంట్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అదే రోజు మధ్యాహ్నం. పన్నెండింటికి నేను చూసినప్పుడు బాగానే ఉంది, బీపీ బాగుంది. పసిపిల్ల కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయని పిల్లల డాక్టరుకు చూపించి రమ్మన్నాం. తల్లి మనవరాలిని ఎత్తుకుని కింది అంతస్తుకు పోయింది. అక్కడ వరుస పెద్దగా ఉంది. ఆ రోజు వార్డుకు నేనొక్కదాన్నే. తోడు నర్సును థియేటర్‌కు పిలిచారు. ఆయమ్మ రక్తం శాంపిళ్ళు పట్టుకుని ల్యాబుకు పోయింది. మందుల గదికి పోయి ఇంజెక్షన్లు తెచ్చాను. పొద్దుటి నుంచి ఆపుకుని ఉన్నాను, ఇక నా వల్ల కాలేదు. పోయేముందు ఆ మలుపు దాకా వెళ్ళి ఒకసారి తొంగి చూసి పోదామనుకున్నాను. అటు పోతే ఇంకెవరైనా పిలుస్తారని భయపడి నేరుగా మెట్లు దిగాను. కింద కూడా బాత్రూం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు.

తిరిగి వచ్చి ఇంజెక్షన్లు మొదటి మంచం నుంచి మొదలుపెట్టాను. మలుపు తిరిగేసరికి ఎంతసేపైందో ఆ తర్వాత ఎన్ని రాత్రులు లెక్కేశానో. అరగంట కంటే ఎక్కువే. ఆ పిల్ల ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. దుప్పటి ఎత్తాను. పరుపంతా రక్తం. అరిచాను, నా జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. నేనూ ఒక డాక్టరూ కడుపు పట్టుకుని ఒత్తాం, ఉన్న మందులన్నీ ఎక్కించాం, రక్తం తెప్పించాం. అది సగం ఎక్కేలోపే నాడి పోయింది. ముందుగా తెలిస్తే బతికించగలిగే జబ్బే అది. ఎంతోమందిని మా చేతులతోనే నిలబెట్టాం. అదే నన్ను ఈరోజుకీ తింటోంది.

కాసేపటికి తల్లి పసిపిల్లను ఎత్తుకుని వస్తోంది. "కామెర్లు ఏం లేదంట సిస్టరమ్మా, ఎండల జర చూపిస్తే సాలంట," అని దూరం నుంచే చెబుతూ వచ్చింది. నాకు నోట మాట రాలేదు. నాకు.

రెండు రోజుల తర్వాత విచారణ అన్నారు. పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు, ఆ మాట ఒట్టేసి చెబుతాను. కాని ఆయన మీదా పైవాళ్ళు ఉన్నారు. నా ముందు టైపు చేసిన కాగితం పెట్టారు. సిబ్బంది సూచనలకు విరుద్ధంగా సహాయకులు రోగిని దిశ మార్చి పడుకోబెట్టడం వల్ల పిలుపు గంట రోగికి అందుబాటులో లేకపోయింది, ఆ సమయంలో సహాయకులు రోగి వద్ద లేరు, డ్యూటీ నర్సు మందుల గదిలో ఉన్నారు. అంతే. "ఇందులో అబద్ధం ఏముంది సిస్టర్?" అన్నారాయన తల ఎత్తకుండా.

సూచనలకు విరుద్ధంగా కాదు సార్, భుజాలు పట్టింది నేను. మందుల గదిలో కాదు సార్, బాత్రూంలో ఉన్నాను. ఈ రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి. చిన్నదానికీ పెద్దదానికీ మీద పడి అరిచే నేను, నా సస్పెన్షన్ కళ్ళ ముందు కనబడగానే నోరు మూసుకుని సంతకం పెట్టాను. బయటికొస్తుంటే ఆ తల్లి వరండాలో కింద కూర్చుని ఉంది. క్లర్కు ఆమె బొటనవేలు పట్టుకుని అదే కాగితం అడుగున వేలిముద్ర వేయిస్తున్నాడు. ఆమె తల ఊపింది. చదివి వినిపించారనే అనుకున్నాను. నేను ఆగలేదు, ఆమె ముఖం వైపు చూడలేదు.

కొన్ని నెలలకు ఎలక్ట్రీషియన్లు వచ్చారు. ప్రతి మంచానికీ గంట స్విచ్చును పొడుగు వైరుకు కట్టి, చేతిలో పట్టుకునేట్టు చేశారు. తల ఎటు పెట్టుకున్నా దిండు పక్కన ఉంటుంది. ఎనిమిది మంచాలకూ కలిపి ఒక పూట పని. చివరి మంచం దగ్గర నిలబడి గంట మోగుతోందో లేదో చూడమని నన్ను పిలిచారు. వాళ్ళలో ఒకడు నొక్కాడు. నర్సుల గదిలో మోగిన చప్పుడు ఆ మలుపు దాటి నా దాకా వచ్చింది. నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఎలక్ట్రీషియన్ పాపం, షాకు కొట్టిందనుకుని భయపడ్డాడు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ తల్లి దగ్గరికి పోవాలి. నీ తప్పు కాదమ్మా అని చెప్పాలి. తిప్పినందుకే కూతురు పోయిందని అంత పెద్ద కాగితం మీద ఆమెతోనే వేలిముద్ర వేయించాం. ఇంట్లో కూర్చుని అదే తలుచుకుని కుమిలిపోతూ ఉంటుంది, ఆ బరువు దించి రావాలి. అప్పుడు నాకట్లాగే అనిపించింది. దించుకోవాలనుకున్నది నా బరువేనని ఒప్పుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

కేసు షీటులో ఊరి పేరు చూసుకుని సెలవు పెట్టి బయల్దేరాను. అచ్చంపేటలో బస్సు దిగి పసిపిల్లకు గౌను, ఒక బిస్కెట్ల డబ్బా కొన్నాను. అక్కడి నుంచి బల్మూర్ దాకా ఆటో, ఆ తర్వాత ఇంకో ఆటో. దారి పొడుగునా ఏం చెప్పాలో వరస పెట్టుకుంటూనే ఉన్నాను. ఆమె తిడితే పడాలి, కొడితే పడాలి అనుకున్నాను.

రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో పల్లికాయ ఎండబోసి ఉంది. మనవరాలు దాని పక్కనే పాకుతోంది. ఆమె నన్ను చూసి గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. "సిస్టరమ్మా, ఇంత దూరమెట్లొస్తివి?" అని కొంగుతో మంచం తుడిచి కూర్చోబెట్టింది. చాయ్ పెట్టింది. నన్ను తిట్టలేదు. పిల్లను నా ఒళ్ళో వేసింది. "నడుస్తలేదు గాని ఏది దొరికితె అది నోట్లె పెట్టుకుంటది," అంది. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట, పిల్లను ఈమే పెంచుకుంటోంది. "నా బిడ్డ ఆయుష్షు అంతే ఉండె. దేవుడు రాసినకాడికి బతికింది," అంది. ఆ గొంతులో ఏడుపు అయిపోయింది. ఎండిన గాయం మీద చెయ్యి వేసుకుని మాట్లాడే మనిషి గొంతు అది.

అక్కడ చాయ్ తాగి లేచి వచ్చేస్తే సరిపోయేది. కాని నేను నోరున్న మనిషిని కదా.

"నీ తప్పు ఏం లేదమ్మా," అన్నాను. "నువ్వు తిప్పినందుకు కాదు. ఆ పిల్ల భుజాలు పట్టి తిప్పింది నేనే. ఆ టైంల నేను బాత్రూం పోయిన. కాయితంల అదంతా రాయలే. తప్పంత మీ మీదేసి రాసిండ్రు. నేను సంతకం పెట్టిన. నన్ను క్షమించమ్మా."

ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"ఏ కాయితం?"

"నువ్వు వేలిముద్ర వేసింది."

"అది మనుమరాలిని నాకు ఇచ్చినట్టు కాయితం కాదా? గట్లనే అన్నడు ఆ క్లర్కు." అంది. "తిప్పుడేంది సిస్టరమ్మా? తిప్పినందుకు ఏమైంది?"

ఆమెకు తెలియదు. ఎవరూ చదివి వినిపించలేదు. రక్తం పోయిందని, దేవుడు తీసుకుపోయాడని మాత్రమే ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని నెలలు పిల్లకు పాలు పట్టింది, పల్లికాయ ఏరింది, పొద్దున లేచింది. నేను ఏదో సర్ది చెప్పబోయాను. ఏమీ లేదులే అన్నాను. ఆమె తెలివితక్కువ మనిషి కాదు. గోడ ఏ దిక్కు కడుతున్నారో ఇసుక మోస్తూ కనిపెట్టిన మనిషి.

"గోడకు గంట ఉండె," అంది మెల్లగా. "నువ్వు చూపిచ్చినవు. అది తలకాడ ఉండాల్సింది. నేను కాళ్ళకాడికి చేసిన."

"మనమిద్దరం చేసినం. ఆ గోడ అట్ల కట్టినోళ్ళది తప్పు. నీది కాదు."

"అడిగింది నేను కద. నువ్వు సాయం పట్టినవు, అంతే."

పిల్ల నా ఒళ్ళోంచి జారి ఆమె దగ్గరికి పాకిపోయింది. ఆమె ఎత్తుకోలేదు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. వాకిట్లో కోడి వచ్చి పల్లికాయ కెలుకుతుంటే అదిలించలేదు కూడా. అటే చూస్తూ అడిగింది.

"నా బిడ్డ గంట కొట్టనీకి చూసిందా?"

"లేదమ్మా," అన్నాను. "మగతల ఉండె. నిద్రలనే పోయింది. ఆమెకు ఏం తెల్వలే."

"నిజంగనా?"

"నా పిల్లల మీద ఒట్టు."

ఆమె కళ్ళు మూసుకుంది. "గంతే సాలు," అంది. అప్పుడు పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. నేను బిస్కెట్ల డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాను. మళ్ళీ పోలేదు, పోవడానికి ముఖం లేదు.

ఆ పిల్ల నిద్రలో పోలేదు. నేను మలుపు తిరిగేసరికి ఒక కాలు దుప్పటి బయట ఉంది, మడమ గోడను తాకుతోంది. గంట స్విచ్చుకు జానెడు కింద, ఉత్తరం వైపు గోడ మీద రక్తంతో అయిదు కాలివేళ్ళ గుర్తులు ఉన్నాయి. ఒకసారివి కావు, ఒకదాని మీద ఒకటి చాలాసార్లవి. డాక్టర్లు అటు తిరగగానే, తల్లి మంచం దగ్గరికి రాకముందే, వాటిని తడిగుడ్డతో తుడిచేసింది నేనే.